సున్నం తాగిన తొమ్మిది క్వింటాళ్ల నీళ్లు

ల్యాబ్‌లో చేరబోయే పిల్లలు నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, దినమంతా అక్కడ ఏం జేస్తరు?" అని. తూకం వేస్తాం అంటాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. రంగు రంగుల నీళ్లు, పొగలు, పేలుళ్లు ఉంటాయని ఆశపడి కెమిస్ట్రీ చదివిన పిల్లలు కదా. అవేమీ ఉండవు. ముప్పై నాలుగేళ్లు నేను చేసింది ఒకటే పని. ఒక వస్తువును తూచడం, దాన్ని కాల్చో కరిగించో మళ్లీ తూచడం, రెండు అంకెల మధ్య తేడా చూసి అదేమిటో చెప్పడం.

ఏ ఏడు జీతం పెరిగింది, ఏ ఫారం ఎలా నింపాలి, ఇవి నేను రాయను. మొదటి వారంలోనే మీకు విసుగొచ్చేలా ఎవరో ఒకరు చెబుతారు. వాళ్లు చెప్పనిది, నా చేతుల మీదుగా జరిగింది ఒకటుంది. అది చెప్పుకుంటే నా పరువేమీ పెరగదు. అయినా మీకు పనికొచ్చేది అదే.

తూకం గది

మా ల్యాబ్ గ్రాంట్ రోడ్‌లో రైలెక్కితే రెండో స్టేషన్‌లో, ఒక పాత గోదాము పై అంతస్తులో ఉండేది. కామాటిపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ మెట్లు దిగి ఫాక్‌లాండ్ రోడ్ దాటి స్టేషన్ చేరేలోపు చెవుల్లో నాలుగు భాషలు పడేవి, హారన్లు లెక్కలేనన్ని. తూకం గదిలోకి వెళ్లి తలుపు వేసుకోగానే అదంతా ఎక్కడో నీటి అడుగున ఉన్నట్టు మెత్తబడిపోయేది. ఆ గదిలో ఫ్యాను ఉండదు. గాలి తగిలినా అంకె కదులుతుంది. కిటికీకి తెల్ల గుడ్డ కట్టి ఉండేది, ఎండ అందులోంచి వడగట్టినట్టు వచ్చేది. అద్దాల పెట్టెలో త్రాసు, దాని మీద చిటికెడు పొడి, ఎదురుగా నేను. అంకె స్థిరపడేదాకా ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోవాలి.

ఆ కాసేపట్లో నా మనసు ఎక్కడెక్కడికో పోయేది. నీళ్లనే తీసుకోండి. ఒక గ్రాము హైడ్రోజన్‌కు ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ కలిస్తే తొమ్మిది గ్రాముల నీళ్లు. తొమ్మిదో గ్రాము ఆక్సిజన్ తెచ్చి ఇచ్చారనుకోండి, తీసుకోదు. అది అలా పక్కన కూర్చోవలసిందే. మా తాత పాలమూరులో వదిలి వచ్చిన వాగు నీళ్లకైనా, మా చాల్ కుళాయిలో సన్నగా వచ్చే నీళ్లకైనా ఒకటికి ఎనిమిదే. ఇంకెవరో, ఇంకే దేశంలోనో గ్లాసులో పోసుకుని తాగుతున్న నీళ్లకూ అంతే. మనుషులు ఊళ్లు మారితే భాష మారుతుంది, తిండి మారుతుంది, మా పిల్లలకైతే తెలుగే మరాఠీ అయిపోతోంది. ఇది మాత్రం మారదు. ఆ మాట తలచుకుంటే నాకు ఎందుకో ధైర్యంగా ఉండేది. పిచ్చి ఆలోచన అనుకుంటే అనుకోండి. ఆ గదిలో అలాంటివే వస్తాయి.

పప్పూ బియ్యం కలిపి కిచిడీ వండేటప్పుడు మీ ఇష్టం. పప్పు ఎక్కువ వేసినా కిచిడీయే, తక్కువ వేసినా కిచిడీయే. అది మిశ్రమం. సమ్మేళనం అలా కాదు. అది తనకు కావలసిన పాళ్లలోనే కలుస్తుంది, మిగిలింది వదిలేస్తుంది. ఈ ఒక్క తేడా ఎముకల్లోకి ఇంకితే సగం ఉద్యోగం వచ్చినట్టే.

మూడు నల్ల పొడులు

ఈ మాట నాకు నేర్పింది దేశాయ్ సార్. ల్యాబ్ ఆయనదే. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం. మాతో మరాఠీలో మాట్లాడేవారు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను చేరిన నెలలో ఆయన మూడు సీసాల్లో నల్ల పొడి ఇచ్చారు. మూడూ రాగి ఆక్సైడ్. ఒకటి బజారులో కొన్నది, ఒకటి పచ్చటి రాగి ఖనిజం కాల్చి తీసింది, మూడోది రాగి తీగను కాల్చి నూరింది. ఒక్కోదానిలో రాగి ఎంతో చెప్పమన్నారు. హైడ్రోజన్ పంపుతూ వేడి చేస్తే నలుపు పోయి ఎర్రటి రాగి మిగులుతుంది, దాన్ని తూచడమే. మొదటిదానిలో నూటికి డెబ్బై తొమ్మిది పాయింట్ తొమ్మిది. రెండోదానిలో డెబ్బై తొమ్మిది పాయింట్ ఎనిమిది. పుస్తకంలో ఉన్నదీ అదే. మూడోది ఎనభై నాలుగు వచ్చింది. రెండుసార్లు చేసినా ఎనభై నాలుగే.

నేను తెలివైనదాన్ని కదా. చేతి తప్పేదో జరిగి ఉంటుందనుకుని మూడోదానికీ డెబ్బై తొమ్మిది పాయింట్ తొమ్మిది అని రాసి ఇచ్చాను.

సార్ కాగితం చూసి సోంపు నోట్లో వేసుకున్నారు. "మూడోది నేనే కాల్చాను. సగంలో మంట ఆపేశాను. లోపల తీగ ఇంకా రాగిగానే ఉంది. ఆ పొడిలో ఆక్సైడ్ ఉంది, ఉత్త రాగి కూడా ఉంది. త్రాసు నీకు ఆ సంగతి చెప్పింది. నువ్వు దాని నోరు నొక్కేశావు" అన్నారు.

నాకు చెంపలు వేడెక్కాయి. ఆయన కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. వెళుతూ వెళుతూ ఒక మాటన్నారు, "నియమం ఎప్పుడూ తప్పదు. అది తప్పినట్టు కనిపించిందంటే నీ ముందున్నది నువ్వనుకున్న వస్తువు కాదన్నమాట. అప్పుడు అదేమిటో వెతుకు."

ఆ మాట నేను పాతికేళ్ల పైన కొత్తవాళ్లందరికీ చెప్పాను. పోజు కొడుతూ చెప్పాను కూడా. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులు.

ఉత్తరం ముందు చదివిన రోజు

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, వానలు మొదలైన వారంలో, ఒక కట్టడాల కంపెనీ నుంచి సున్నం వచ్చింది. ఊళ్లో ఒక పాత రాతి భవనాన్ని బాగు చేస్తున్నారు. ఆ గోడలకు సిమెంటు పడదు, పాతకాలంలో లాగా సున్నమే వాడాలి. అందుకోసం రాతి సున్నం, అంటే బట్టీలో కాల్చిన సున్నపు గడ్డలు, తెప్పించారు.

నమూనా సీసాతో పాటు ఉత్తరం. నేను ముందు ఉత్తరం చదివాను. ఇక్కడ గీత గీసుకోండి పిల్లలూ, నా మొదటి తప్పు ఇదే. ఉత్తరంలో ఇలా ఉంది: వచ్చిన సున్నం ఇరవై ఎనిమిది క్వింటాళ్లు. కూలీల షెడ్డులో పెట్టించాం. వారం తర్వాత చూస్తే గడ్డలు లేవు, సంచుల నిండా తెల్ల పొడి ఉంది. తూస్తే ముప్పై ఆరు క్వింటాళ్ల తొంభై కిలోలు ఉంది. కూలీలు మంచి సున్నం కొంత అమ్ముకుని రాతి పొడి కలిపారని అనుమానం. పరీక్షించి తెలుపగలరు.

అనుమానం కాదది, జవాబు. నాకు ముందే చేతిలో పెట్టారు.

పొడిని కొలిమిలో వెయ్యి డిగ్రీల దాకా కాల్చాను. నూటికి ఇరవై నాలుగు పాయింట్ ఒకటి బరువు తగ్గింది. మంచి రాతి సున్నమైతే తగ్గేది చాలా కొంచెం. కాల్చని సున్నపురాయి పొడైతే నలభై నాలుగు తగ్గుతుంది. అంతకు ముందు వారమే ఇంకెవరిదో నమూనాలో నిజంగానే రాతి పొడి కల్తీ పట్టుకున్నాను, అది ఇంకా మనసులో ఆడుతోంది. లెక్క కట్టాను. ఇరవై నాలుగు తగ్గాలంటే నూటికి యాభై అయిదు పాళ్లు రాయి ఉండాలి. ఆ మాటే రాశాను. సంతకం చేశాను.

నిజంగా రాతి పొడే అయితే ఒక చుక్క యాసిడ్ వేస్తే బుసబుసా పొంగుతుంది. అర నిమిషం పని. యాసిడ్ సీసా నా మోచేతి పక్కనే ఉంది. ఆ రోజు నమూనాలు ఎక్కువని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. జవాబు తెలిసిపోయిందనుకున్నాను, అంతే.

కుళాయి దగ్గర

మా చాల్ పక్క చాల్‌లో కింద గది ఒకటి పాలమూరు కూలీలకు అద్దెకిస్తుంటారు. పని దొరికినప్పుడు సైట్ల మీదే రేకుల షెడ్డుల్లో ఉంటారు, పని లేనప్పుడు ఇక్కడికి చేరతారు. రిపోర్టు పంపిన వారానికి, పొద్దున కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఒక కొత్త గొంతు వినిపించింది. నలభై ఏళ్లుంటాయి. పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. పదిమంది కూలీల గుంపుకు ఆమే పెద్ద. ఎవరో "గింత జల్ది పని ఒడిసిందా" అని అడిగారు.

"ఒడవలే. ఎల్లగొట్టిండ్రు" అంది బాలమణి. "సున్నం దొంగలమంట మేము. ల్యాబుల రాసిచ్చిండ్రట. పొద్దుగాల కూలికని నాకా మీద నిలవడ్తె, పనికి తీస్కపోయే ముకద్దములు ఎవ్వరు పిలుస్తలేరు. ఐతారం లోపట మంచి సున్నం ఏడ అమ్మినమో సెప్పాలె, లేకుంటె పోలీస్ టేషన్ల ఇస్తమన్నరు."

నా బిందె నిండి పొర్లిపోతోంది. నేను చూడలేదు.

మా రిపోర్టుల్లో మనుషుల పేర్లుండవు. నమూనా నంబరు ఉంటుంది, అంకెలుంటాయి, కింద మన సంతకం. ఆ కాగితం ఎవరి కడుపు మీద పడుతుందో మనం చూడం. ముప్పై రెండేళ్లలో నేను చూసింది ఆ రోజు ఒక్కసారే. ఆ మనిషి నా బిందెకు మూడడుగుల దూరంలో నిలబడి ఉంది.

"సున్నానికి ఏం జేసిండ్రమ్మా?" అని అడిగాను. 

"ఏం జేస్తం అక్క. సల్లార్చినం. షెడ్డుల పిల్లలు పండుతరు, పైన రేకు కారుతది. మా ఆడిబిడ్డ కొడుకు కన్ను గట్లనే పాయె, వానకు సున్నం పొంగి చిట్లింది. సల్లారని సున్నం పిల్లలున్న కాడ పెట్టొద్దని మా అత్త సెప్పేది. వాన ముంగట రెండు దినాలు బయట పరిచి నీళ్లు కొట్టినం. పొగలు పొగలు వచ్చి పిండి పిండి అయింది. జల్లెడ వట్టి సంచులల్ల ఎత్తినం."

"మరి ఆ మాట సాబ్‌కు చెప్పలేదా?"

"సెప్పిన. నీళ్లు పోస్తె తడిగ ఉండాలె గదా, ఇది పొడిగ ఉంది, బరువు ఎట్ల పెరిగింది, నన్ను బేవకూఫ్ చేస్తున్నవా అన్నడు. నాకేమెరుక? నీళ్లు ఏడికి పోయినయో నేనేం జెప్పాలె?"

"ఎన్ని నీళ్లు పోసిండ్రు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అది తాగినన్ని" అంది.

ఆ మాట వినగానే మా నాయనమ్మ కళ్లముందు కదిలింది. ఇంటికి సున్నం కొట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆమె గడ్డలను మెట్లు ఎక్కనిచ్చేది కాదు. గల్లీలోనే పరిచి నీళ్లు చిలకరించి, పొగ తగ్గి పొడి అయ్యాకే పైకి తెచ్చేది. ఆ వెచ్చటి పొడిలో వేలు పెట్టి చూసి నేను దెబ్బలు తిన్నాను కూడా. సున్నం మోసిన కూలీల ఇంట్లో పుట్టి, సున్నం గురించి అంత మాట రాసిచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటే అతిశయోక్తి కాదు.

ఆ రిపోర్టు నాదేనని మాత్రం ఆమెకు చెప్పలేదు. "చూద్దాం, నాకు ల్యాబ్‌వాళ్లు తెలుసు" అని గొణిగి బిందె ఎత్తుకుని వచ్చేశాను.

తడి లేని నీళ్లు

ప్రతి నమూనాలో కొంత సీలు వేసి దాచడం మా పద్ధతి. ఆ సీసా తీసి యాసిడ్ చుక్క వేశాను. పొంగలేదు. ఒకటి రెండు బుడగలు, అంతే. ఈసారి కొలిమిని అయిదు వందల యాభై దగ్గరే ఆపాను. రాయి ఆ వేడికి చలించదు, కాని సున్నంలో కలిసిన నీరు వెళ్లిపోతుంది. చల్లార్చి, తూకం గదిలో తలుపు వేసుకుని తూచాను. తగ్గాల్సినదంతా అక్కడే తగ్గిపోయింది.

సున్నం యాభై ఆరు పాళ్లకు నీరు పద్దెనిమిది పాళ్లు. సగం చేస్తే ఇరవై ఎనిమిదికి తొమ్మిది. ఇరవై ఎనిమిది క్వింటాళ్ల సున్నం తొమ్మిది క్వింటాళ్ల నీళ్లు తాగితే ముప్పై ఏడు క్వింటాళ్లు. ఉత్తరంలో ఉన్నది ముప్పై ఏడుకు పది కిలోలు తక్కువ. సున్నంలో ఎప్పుడూ ఉండే చిటికెడు మట్టికి ఆ మాత్రం తేడా సరిపోతుంది. అంకె మొదటి రోజునుంచీ ఉత్తరంలోనే ఉంది. నేనే చూడలేదు.

ఆ మధ్యాహ్నం చాలాసేపు అక్కడే కూర్చున్నాను. వాళ్లు కడవలతో ఎన్ని నీళ్లు పోశారో ఎవరికి తెలుసు. పదిహేను క్వింటాళ్లు పోసి ఉంటారేమో, ఇరవయ్యేమో. సున్నం తనకు కావలసిన తొమ్మిదే ఉంచుకుని మిగతాది పొగ చేసి పంపేసింది. ఆ తొమ్మిది క్వింటాళ్ల నీళ్లూ ఆ సంచుల్లోనే ఉన్నాయి, పొడిపొడిగా, పిండిలా, చేతికి తడి తగలకుండా. ఎవరూ తూకం వేసి పోయలేదు. చదువురాని పదిమంది ఆడామగా చేతికొచ్చినట్టు నీళ్లు చల్లితే నా పుస్తకంలోని లెక్కే వచ్చింది. కల్తీ చేసేవాడు అంత కచ్చితంగా కలపలేడు, కలపాలనుకున్నా కలపలేడు. తెల్లగుడ్డలోంచి వచ్చే వెలుతురులో ఆ చిటికెడు పొడిని చూస్తూ ఏడ్చాను. అందంగా ఉందనీ ఏడ్చాను, నేను చేసిన పనికీ ఏడ్చాను. రెండూ విడదీసి చెప్పలేను.

సంతకం

దేశాయ్ సార్‌కు అప్పటికి డెబ్బై దాటింది. అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రిపోర్టు మారిస్తే కంపెనీ మళ్లీ మన దగ్గరికి రాదు. వాళ్లేం, బజారంతా మాట్లాడుకుంటుంది" అన్నారు.

"మారుస్తాను సార్."

"అదనపు పరీక్ష ఫలితం అని రాయి. తప్పు అని రాయకు."

"సార్, మూడో పొడి రోజున మీరేమన్నారు?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ రోజు నాకు అప్పులు లేవు" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అంత చక్కగా నేర్పినవాడు కూడా భయపడతాడని ఆ రోజు తెలిసింది. మీకూ తెలియాలి. బాస్ చెప్పిన మాటను పట్టుకోండి, బాస్‌ను కాదు.

అదనపు పరీక్ష ఫలితం అనే రాశాను. కల్తీ లేదు, ఇది మంచి సున్నం నీళ్లు పట్టుకుని మారిన రూపం, బరువు పెరగడానికి నీళ్లే కారణం, దొంగతనానికి ఏ ఆధారమూ లేదు. ఆయన ముందే సంతకం చేసి స్వయంగా తీసుకుపోయాను. అది శనివారం.

మూడు భాషలు

కంపెనీ ఇంజనీరు కుర్రవాడు, మంచివాడే. రెండుసార్లు చదివి, ఇరవై ఎనిమిదీ తొమ్మిదీ వేళ్ల మీద కూడుకుని, "అరే" అన్నాడు. అక్కడే ఫోను తీసి ముకద్దముతో మాట్లాడాడు. సోమవారం బాలమణి గుంపును పనిలోకి రమ్మన్నారు. పోలీసు ఫిర్యాదు మాట ఎత్తలేదు.

నేను చాల్‌కు వచ్చి ఆ సంగతి చెప్పాను. బాలమణి సంతోషపడుతుందనుకున్నాను. ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"దొంగలని అన్నప్పుడు సైట్ మీద అందరు ఇన్నరు అక్క. మరాఠోళ్లు, బిహారోళ్లు, మనోళ్లు. ఇప్పుడు నేను పొయ్యి సప్పుడు జెయ్యకుంట పార పట్టాల్నా? నువ్వు రా. గా కాయితం అందరి ముంగట సదువు."

సోమవారం సెలవు పెట్టి వెళ్లాను. పరంజా కింద అందరూ చేరారు, అరవై డెబ్బైమంది ఉంటారు. ఇంజనీరు కాదనలేదు. వాన వచ్చేలా మబ్బు పట్టి ఉంది, రాతి గోడ తడిసి నల్లగా ఉంది. మొదట మరాఠీలో చదివి చెప్పాను, తర్వాత హిందీలో, ఆ తర్వాత తెలుగులో. నీళ్లు ఎక్కడికి పోయాయో చెప్పాను. ఒక ముసలి మేస్త్రీ తల ఊపాడు, ఆయనకు అది ముందునుంచీ తెలిసినట్టే ఉంది. బాలమణి గుంపులో ఆడవాళ్లు పైట సర్దుకుని నిటారుగా నిలబడ్డారు.

నేను కాగితం మడుస్తున్నాను. అప్పుడు బాలమణి ముందుకొచ్చింది.

"కింద దస్కత్ ఎవరిది అక్క?"

"నాది."

"మరి ఎనుకటి కాయితం? మేము దొంగలమన్నది. అది ఎవరు రాసిండ్రు?"

చెయ్యి సంచిలోకి పోయింది, గొడుగు, రైలు పాసు తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. "నేనే" అన్నాను.

ఆమె అరవలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. "కుళాయి కాడ సెప్పలే నువ్వు."

"భయమైంది బాలమణీ."

"మాగ్గూడ అయింది" అంది. తర్వాత చుట్టూ నిలబడ్డవాళ్ల వైపు చెయ్యి చూపింది. "గది గూడ సెప్పు. అందర్కి. గట్లనే, మూడు బాసలల్ల."

చెప్పాను. తప్పు నాది, యాసిడ్ చుక్క వేసి చూడాల్సింది, చూడలేదు, ఈ మనుషులు ఏ తప్పూ చేయలేదు అని ముందు మరాఠీలో చెప్పాను. అది సులువుగానే వచ్చింది, ఆఫీసు భాష కదా. హిందీలోనూ గడిచిపోయింది. తెలుగుకు వచ్చేసరికి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ముప్పై నాలుగేళ్లలో నేను చేసిన కష్టమైన పని ఏదని అడిగితే అదే చెబుతాను. బాలమణి పార భుజాన పెట్టుకుని, నేను తెలుగులోనూ ఆ మాట చెప్పేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.